ఓరుగల్లు నుంచి ఐర్లండ్ వెళ్లేవారికి: కోటలనూ శిథిలాలనూ తీరికగా చూసే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి చదువు కోసమో ఉద్యోగం కోసమో ఐర్లండ్ చేరిన పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మే నెల ఎండలు ముదిరే సమయానికి వాళ్ల తల్లిదండ్రులు కొన్ని వారాల కోసం అక్కడికి వెళ్లివస్తున్నారు. పిల్లలకు సెలవు దొరికేది శని, ఆదివారాల్లోనే కాబట్టి, ఉన్న కొద్ది రోజుల్లో వీలైనన్ని చూపించాలన్న ప్రేమతో పొద్దున బయలుదేరి రాత్రిలోగా ఐదారు చోట్ల కారు ఆపేలా ప్రణాళిక వేస్తారు. ఇంటికి తిరిగివచ్చి ఫోన్‌లో ఫొటోలు తిప్పి చూస్తే ఏ గోడ ఏ కోటదో చెప్పడం ఎవరివల్లా కాదు. రోజుకు రెండు చోట్లు చాలని, వాటిని పేరును బట్టి కాక రకాన్ని బట్టి ఎంచుకోవాలని, ప్రతిచోటా కనీసం రెండు గంటలు గడపాలని నా గట్టి అభిప్రాయం. ఆ పద్ధతిలో ప్రయాణం ఎలా సిద్ధం చేసుకోవాలో, అక్కడికి చేరాక ఏమి గమనించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

వెళ్లేముందు ఖిలా వరంగల్‌లో ఒక పూట

పరాయి దేశంలో కోటను చూసి అర్థం చేసుకోవాలంటే ముందు మన కోటను అలా చూసే అలవాటు కావాలి. ఊళ్లోనే ఉన్నా, కీర్తితోరణాల దగ్గర ఫొటో దిగి, ఖుష్ మహల్ ఒకసారి చుట్టి వచ్చేవాళ్లమే ఎక్కువ. విమానం ఎక్కేముందు ఒక ఉదయం పూట రాతికోట ద్వారం బయటే బండి ఆపి, లోపలికి నడిచి వెళ్లండి. దారి తిన్నగా లోపలికి పోదు. బురుజుల నడుమ ఒక ఆవరణలోకి వచ్చి, అక్కడ పక్కకు మళ్లి, రెండో ద్వారం గుండా కోటలోకి చేరుతుంది. ఏనుగులతోనో దూలంతోనో వేగంగా వచ్చి తలుపును ఢీకొట్టే వీలు లేకుండా చేసిన ఏర్పాటు అది. గోడ దగ్గర నిలబడి చూస్తే పెద్ద పెద్ద గ్రానైట్ దిమ్మెలను సున్నం వాడకుండానే ఒకదానిలో ఒకటి ఇమిడేట్టు కూర్చిన తీరు కనిపిస్తుంది. దాని బయట కందకం, ఆ కందకానికి ఆవల దూరంగా మట్టికోట ఉన్నాయి. మధ్యలో స్వయంభూ దేవాలయం కూలిపోయి, నాలుగు తోరణాలు మాత్రం నిలిచాయి. 1323లో ఢిల్లీ సైన్యం చేతికి కోట చిక్కిన తర్వాత జరిగినదంతా ఆ పడిన రాళ్లలోనే చదువుకోవచ్చు.

అక్కడ నిలబడి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. శత్రువు ఏ దిక్కు నుంచి రావలసి ఉండేది? లోపలివాళ్లకు నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవి? కప్పులు, అంతస్తులు ఏ ఎత్తులో ఉండేవి? దీన్ని ఎవరు పాడుచేశారు, లేదా ఎందుకు వదిలివెళ్లారు? ఈ నాలుగింటికీ మన కోటలో జవాబులు వెతకడం వచ్చినవారికి ఐర్లండ్‌లో ఏ శిథిలమూ వట్టి రాళ్ల కుప్పలా కనిపించదు.

కాలాన్ని కూడా మన చరిత్రతో జతచేసి గుర్తుపెట్టుకుంటే తేలిక. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలాడు. ఆయన పాలన మొదలైన ఐదేళ్లకు, అంటే 1204లో, ఇంగ్లండ్ రాజు జాన్ డబ్లిన్‌లో కోట కట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించేనాటికి, ఐర్లండ్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన నార్మన్ ప్రభువుల రాతికోటలు లేస్తున్నాయి.

ఐర్లండ్ చరిత్రలో ముందుగా తెలుసుకోవలసినవి నాలుగు మలుపులే. 1169లో నార్మన్ సైనికులు ఆ దీవి మీద దిగారు. పెద్ద రాతికోటలు ఎక్కువగా వాళ్ల తర్వాతే వచ్చాయి. 15, 16 శతాబ్దాల్లో చిన్నాపెద్దా ప్రభువులందరూ ఎత్తయిన బురుజు ఇళ్లు కట్టుకున్నారు. 1530ల చివర ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ క్రైస్తవ మఠాలను రద్దుచేసి వాటి భూములను పంచిపెట్టాడు. 1649లో ఇంగ్లండ్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ సైన్యంతో వచ్చి, లొంగని కోటలపై ఫిరంగులు ఎక్కుపెట్టాడు. మీరు చూసే దాదాపు ప్రతి శిథిలమూ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానివల్ల పుట్టినదో పాడైనదో అయివుంటుంది.

ఏవి ఎంచుకోవాలి

మొదట చూడవలసింది మీత్ కౌంటీలో, బోయిన్ నది ఒడ్డున ఉన్న ట్రిమ్ కోట. ఐర్లండ్‌లోని నార్మన్ కోటలన్నిటిలో పెద్దది ఇదే. డబ్లిన్ నుంచి సుమారు యాభై కిలోమీటర్ల దూరం. బస్సులో గంటకు కాస్త పైగా పడుతుంది కాబట్టి పిల్లలకు సెలవు లేని రోజున కూడా మీరిద్దరే వెళ్లిరావచ్చు. 1172లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ నుంచి మీత్ ప్రాంతాన్ని పొందిన నార్మన్ ప్రభువు హ్యూ డి లేసీ అక్కడ తొలుత చెక్కతో, మట్టితో కోట కట్టాడు. అది కొద్దికాలంలోనే తగలబడిపోవడంతో రాతి కట్టడం మొదలైంది. ఆయన 1186లో హత్యకు గురయ్యాడు. కొడుకు వాల్టర్ పని పూర్తిచేయించాడు. మధ్యలో ఉన్న ప్రధాన బురుజు ఆకారాన్ని బయటనుంచి ఒకసారి పూర్తిగా చుట్టి చూడండి: చదరపు బురుజుకు నాలుగు పక్కలా నాలుగు చిన్న బురుజులు అతికించి, మొత్తానికి సిలువ ఆకారం తెచ్చారు. గోడల్లో వరుసగా కనిపించే చిన్న చదరపు రంధ్రాలు కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చినవి. వాటిలో మిగిలిపోయిన ఓక్ కర్ర ముక్కల వలయాలను లెక్కించే, కట్టడం ఏయే సంవత్సరాల్లో సాగిందో పరిశోధకులు తేల్చారు. ప్రధాన బురుజు లోపలికి గైడు వెంట మాత్రమే పంపుతారు కాబట్టి, చేరగానే ముందు టికెట్ కిటికీ దగ్గర వేళ రాయించుకుని, ఆ వేళ వచ్చేలోగా ప్రాకారం వెంట తిరగండి.

బురుజు లోపల పైకి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. గోడకు మూడు నాలుగు మనుషుల ఎత్తులో తలుపు ఉంటుంది గానీ దాని ముందు నేల ఉండదు. ఐర్లండ్ కోటల్లో చాలాచోట్ల గోడ మధ్యలో పొయ్యి గూడు కూడా ఇలాగే గాలిలో ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడి కట్టడాల్లో అంతస్తులు ఎక్కువగా చెక్క దూలాల మీద నిలిచేవి. దూలాలు కాలిపోయో కుళ్లిపోయో రాలిపోగా గోడలు మాత్రం మిగిలాయి. దూలాల కొనలు దూర్చిన రంధ్రాల వరుసను చూపుతో కలుపుకుంటూ పోతే ఏ ఎత్తులో నేల ఉండేదో తెలిసిపోతుంది. పిల్లలతో వెళ్లేవారు ఆ వరుసలను లెక్కపెట్టి అంతస్తులెన్నో చెప్పమంటే వాళ్లు గంటసేపు విసుగు లేకుండా తిరుగుతారు.

రెండోది టిప్పరరీ కౌంటీలోని కాహిర్ కోట. స్థానికులు ఆ పేరును కేర్ అని పలుకుతారు కాబట్టి బస్సులో అడిగేటప్పుడు అలాగే అడగండి. సూర్ నది మధ్యలో ఒక బండ మీద కట్టిన కోట ఇది. 1142లో కోనర్ ఓబ్రయన్ మొదలుపెట్టగా, తర్వాత బట్లర్ వంశం చేతుల్లో పెరిగింది. ఖిలా వరంగల్‌లో మలుపు చేసే పనిని ఇక్కడ పైనుంచి కిందికి జారే బరువైన కటకటాల తలుపు చేస్తుంది. ఆ తలుపును పైకెత్తే యంత్రాంగాన్ని ఇప్పటికీ చూడవచ్చు. 1599లో ఇంగ్లండ్ సేనాని ఎసెక్స్ ప్రభువు ఫిరంగులతో ముట్టడించినప్పుడు గోడలో దిగబడిన ఇనుప గుండు ఇంకా అలాగే ఉంది; కనబడకపోతే గైడును అడగండి. యాభై ఏళ్ల తర్వాత, 1650లో, క్రామ్‌వెల్ వచ్చినప్పుడు కోటవారు పోరాడకుండా లొంగిపోయారు. అందుకే ఇంతటి పాత కోట గోడలు ఇంత చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే, ఏ కోటలోనైనా గోడలు ఎంతవరకు నిలిచాయో చూసి దాని చివరి యుద్ధం ఎలా ముగిసిందో ఊహించడం మొదలుపెడతారు.

కాహిర్‌కు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో కాషెల్ బండ ఉంది. మైదానం మధ్యలో ఒక్కసారిగా లేచిన సున్నపురాయి గుట్ట మీద, దక్షిణ ఐర్లండ్‌లోని మన్‌స్టర్ రాజుల పీఠం ఉండేది. 1101లో ముర్హర్తహ్ ఓబ్రయన్ దానిని చర్చికి దానమిచ్చాడు. ఇప్పుడు గుట్ట మీద మూడు వేర్వేరు కాలాల కట్టడాలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి: ఇరవై ఎనిమిది మీటర్ల ఎత్తున్న గుండ్రని గంట బురుజు, 1134లో ప్రతిష్ఠ జరిగిన కోర్మాక్ ప్రార్థనాలయం, 13వ శతాబ్దంలో కట్టి ఇప్పుడు కప్పు లేకుండా మిగిలిన పెద్ద చర్చి. చర్చి గోడలు బూడిదరంగు సున్నపురాయివి. ప్రార్థనాలయం గోధుమరంగు ఇసుకరాయిది. ఇసుకరాయి నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి లోపలి గోడలపై ఉన్న మధ్యయుగపు రంగుల చిత్రాలు తేమకు చెడిపోతూ వచ్చాయి; కట్టడాన్ని ఏళ్లతరబడి పైనుంచి కప్పి ఆరబెట్టారు. ఇప్పుడు లోపలికి గైడు వెంట, కొద్దిమందినే పంపుతారు. ఆ టికెట్ ముందుగా తీసుకోవడం మరిచిపోకండి. కాషెల్ దాకా వెళ్లి కోర్మాక్ ప్రార్థనాలయం చూడకుండా రావడం, రామప్పకు వెళ్లి మదనికలను చూడకుండా తిరిగిరావడమే. గుట్ట మీద గాలి ఎక్కువ, నీడ లేదు; కారు ఆపే చోటు నుంచి ఎక్కవలసిన దారి చిన్నదే అయినా నిటారుగా ఉంటుంది.

కాషెల్‌లో చాలామంది వదిలేసేది గుట్ట కింద పచ్చికలో ఉన్న హోర్ మఠం. 1272లో సిస్టర్షియన్లనే క్రైస్తవ సాధువుల చేతికి వచ్చిన ఈ మఠంలో టికెట్ లేదు, రద్దీ లేదు. సాయంత్రం ఎండలో ఆ శిథిలం నుంచి వెనక్కి తిరిగి కాషెల్ బండను చూస్తే గుట్ట మీది కట్టడాలన్నీ ఒక్క చూపులో అందుతాయి. నా మట్టుకు నాకు, ఆ ప్రాంతమంతటిలో కూర్చుని చూడదగిన చోటు అదే.

కప్పు, కిటికీలు, సామాను ఉన్న కోట ఒక్కటైనా చూడాలనుకునేవారికి కిల్కెన్నీ సరిపోతుంది. మొదట నాలుగు మూలలా నాలుగు బురుజులతో కట్టిన ఈ కోటకు 17వ శతాబ్దపు ముట్టడి తర్వాత మూడే మిగిలాయి. అందుకే ఒక పక్క తెరుచుకుని తోటలోకి చూస్తుంది. 1391లో కొన్న బట్లర్ వంశం 1935 దాకా అందులో కాపురముంది. 1967లో నామమాత్రంగా 50 పౌండ్లకు ఊరి ప్రజలకు అప్పగించింది. లోపలి గదులు ఎక్కువగా 19వ శతాబ్దపు అలంకరణలో ఉన్నాయి. చిత్రాల కోసం కట్టిన పొడవాటి హాలు, దాని కప్పు మీది రంగుల పని చూడదగినవి. మెట్లు వెడల్పుగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారికి మిగతా కోటల కన్నా ఇది సులువు. కిల్కెన్నీలో రాత్రి బస చేసి, మర్నాడు కాషెల్, కాహిర్ చూసుకుని డబ్లిన్ తిరిగివచ్చే రెండు రోజుల ప్రయాణం వారాంతానికి చక్కగా సరిపోతుంది.

డబ్లిన్ కోట విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కోట అన్న పేరు విని బురుజులు ఊహించుకుని వెళితే నిరాశపడతారు. మధ్యయుగపు కట్టడాల్లో పైకి పూర్తిగా కనిపించేది రికార్డు టవర్ ఒక్కటే, మిగిలినవి తర్వాతి కాలపు పరిపాలనా భవనాలు. దాన్ని చూడవలసింది రాజకీయ చరిత్ర కోసం: ఏడు శతాబ్దాల ఇంగ్లిష్ పాలనకు కేంద్రమైన ఆ ఆవరణను 1922 జనవరి 16న ఐర్లండ్ స్వాతంత్ర్య నాయకుడు మైఖేల్ కాలిన్స్‌కు అప్పగించారు. ఆవరణలోనే ఉన్న చెస్టర్ బీటీ సంగ్రహాలయానికి ప్రవేశ రుసుము లేదు. అందులో మొఘల్ కాలపు చిత్రాలు కూడా ఉన్నాయి.

బ్లార్నీ, బన్‌రాటీ కోటల గురించి పిల్లలు తప్పక అడుగుతారు. బ్లార్నీలో వందకు పైగా ఇరుకు మెట్లెక్కి, వెల్లకిలా వాలి, తల కిందికి వంచి, మాటకారితనం ఇస్తుందని చెప్పుకునే రాయిని ముద్దుపెట్టుకోవడానికి వరుస కడతారు. నడుము, మెడ బాగున్నవారికి అది సరదాయే. కానివారు తోటల్లో తిరిగితే చాలు. షానన్ విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న బన్‌రాటీలో 15వ శతాబ్దపు కోటతో పాటు పాతకాలపు ఇళ్లు, అంగళ్లు ఉన్న ఊరిని పునర్నిర్మించారు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు అది మంచి ఎంపిక.

బురుజు ఇళ్లు, మఠాలు

పేరున్న కోటల కన్నా నాకు ఎక్కువ ఇష్టమైనవి ఊళ్లలో, పొలాల్లో, సరస్సుల ఒడ్డున ఒంటరిగా నిలబడే బురుజు ఇళ్లు. 1429లో ఆరో హెన్రీ ప్రభుత్వం డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీల్లో 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తుకు తగ్గకుండా బురుజు కట్టుకున్నవారికి 10 పౌండ్ల సాయం ప్రకటించింది. తర్వాతి రెండు శతాబ్దాల్లో దీవి అంతటా ఇలాంటివి వెలిశాయి. కిలార్నీలో సరస్సు ఒడ్డున ఉన్న రాస్ కోట, గాల్వే దగ్గర కిన్‌వారాలోని డన్‌గ్వేర్ కోట ఈ రకానివే.

వీటి లోపల చూడవలసిన క్రమం ఒకటుంది. గోడ అడుగుభాగం బయటికి ఏటవాలుగా వాలి ఉంటుంది. పునాదికి బలం ఇవ్వడంతో పాటు, పైనుంచి వదిలిన రాయి దానికి తగిలి శత్రువు మీదికి ఎగిరేలా చేసింది ఆ వాలు. తలుపు దాటగానే తలెత్తి చూడండి: కప్పులో ఒక రంధ్రం ఉంటుంది, లోపలికి చొరబడినవాడి నెత్తిన ఏదైనా వేయడానికి. కింది అంతస్తులో బాణం దూరేంత సందులే ఉంటాయి. పైకి వెళ్లేకొద్దీ కిటికీలు వెడల్పవుతాయి, ఎందుకంటే కుటుంబం ఉండేది, విందులు జరిగేది పైనే. ఇక రాతి కప్పు ఉన్న గది దొరికితే ఫోన్ లైటును ఏటవాలుగా కప్పు మీద వేసి చూడండి. గచ్చులో అల్లిక గుర్తులు కనిపిస్తాయి. కప్పు కట్టేటప్పుడు కింద పుల్లలతో అల్లిన తడకను వంచి ఆసరాగా పెట్టి, దాని మీద సున్నం పోసి రాళ్లు పేర్చేవారు. సున్నం గట్టిపడ్డాక తడక తీసేసినా దాని అచ్చు మిగిలిపోయింది. ఐదు వందల ఏళ్ల నాడు ఎవరో అల్లిన పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంటాయి. ఇలాంటిది చూపించకుండా కోట చూపించామనుకోవడం నాకు నచ్చదు.

మఠాల్లో రెండింటికైనా వెళ్లండి. డబ్లిన్‌కు దక్షిణాన విక్లో కొండల్లో ఉన్న గ్లెండలోక్‌ను 6వ శతాబ్దంలో సెయింట్ కెవిన్ స్థాపించాడు. అక్కడి గుండ్రని బురుజు సుమారు ముప్పై మీటర్ల ఎత్తు. దాని తలుపు నేలకు మూడున్నర మీటర్ల పైన ఉంటుంది. శిథిలాల్లో తిరగడానికి రుసుము లేదు. డబ్లిన్ నుంచి సెయింట్ కెవిన్ బస్సు నడుస్తుంది. రెండోదిగా, షానన్ నది ఒడ్డున 6వ శతాబ్దంలోనే సెయింట్ కియరాన్ స్థాపించిన క్లాన్‌మక్‌నాయిస్ గానీ, లౌత్ కౌంటీలోని మొనాస్టర్‌బాయిస్ గానీ చూడవచ్చు. మొనాస్టర్‌బాయిస్‌లో మ్యూరిడాక్ సిలువ ఐదు మీటర్లకు పైగా ఎత్తున్న చెక్కడపు రాయి. బైబిలు కథలు గళ్లుగళ్లుగా దాని మీద ఉన్నాయి. అందరూ పైకే చూస్తారు. మీరు కిందికి వంగి చూడండి: పడమటి ముఖాన అడుగున రెండు పిల్లులు పడుకుని ఉన్నాయి, వాటి దగ్గరే ఆ సిలువ చేయించిన మ్యూరిడాక్ కోసం ప్రార్థించమని కోరే శాసనం ఉంది. ఇలాంటి చెక్కడాలు నడి మధ్యాహ్నం చదునుగా కనిపిస్తాయి. ఉదయం గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి పడే వేళకు వెళ్లండి.

కాలం, టికెట్లు, దారి

మే, జూన్, సెప్టెంబరు నెలలు అన్నివిధాలా అనుకూలం. జూన్‌లో రాత్రి పదికి దగ్గరగా గానీ సూర్యుడు అస్తమించడు. డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది. చలికాలంలో కొన్ని కోటలు పూర్తిగా మూసేస్తారు, మరికొన్ని వారాంతాల్లోనే తెరుస్తారు కాబట్టి బయలుదేరేముందు ఆ కోట వెబ్‌సైటులో వేళలు చూసుకోండి. మూసే సమయానికి ముప్పావుగంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారని గుర్తుంచుకోండి.

ట్రిమ్, కాహిర్, కాషెల్, కిల్కెన్నీ, రాస్, క్లాన్‌మక్‌నాయిస్ వంటివి ఓపీడబ్ల్యూ అనే ప్రభుత్వ శాఖ చేతిలో ఉన్నాయి. వాటన్నిటికీ ఏడాదిపాటు చెల్లే హెరిటేజ్ కార్డు దొరుకుతుంది. మీరు చూడదలచిన చోట్ల టికెట్ ధరలు కలిపి చూసుకుని, కార్డు చవకైతే మొదటి చోటే కొనండి. బ్లార్నీ, బన్‌రాటీ, డబ్లిన్ దగ్గరి మలహైడ్ కోటలకు ఆ కార్డు పనికిరాదు. ఐదు వేల ఏళ్ల నాటి న్యూగ్రేంజ్ సమాధిని కూడా చూడాలనుకుంటే టికెట్లు చాలా ముందుగా తీసుకోవాలి. సందర్శకుల కేంద్రం నుంచి వాళ్ల బస్సులోనే తీసుకువెళతారు, నేరుగా అక్కడికి పోనివ్వరు.

కారు నడిపేవారికి ఊరట ఏమిటంటే అక్కడ కూడా ఎడమవైపే నడపాలి. పల్లె దారులు మాత్రం ఇరుకు; రెండు పక్కలా పొదలు అల్లుకుని ఎదురుగా వచ్చే ట్రాక్టరు కనబడదు. 2025 ఫిబ్రవరి నుంచి స్థానిక గ్రామీణ దారుల్లో వేగ పరిమితిని గంటకు 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 దారి టోల్‌కు గేటు ఉండదు. మర్నాడు రాత్రి ఎనిమిదిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. చారిత్రక స్థలాలకు దారి చూపే బోర్డులు గోధుమరంగులో, తెల్ల అక్షరాలతో ఉంటాయి.

గొడుగు వద్దు, గాలికి నిలవదు. తలకప్పు ఉన్న రెయిన్‌కోటు తీసుకోండి. గుండ్రంగా తిరిగే రాతి మెట్లు ఒక పక్క వెడల్పుగా, మరో పక్క వేలెడంతగా ఉంటాయి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వెలుపలి గోడ వైపు అడుగు వేసి, తాడు పట్టుకోండి. మెట్లు ఒకే ఎత్తులో ఉండవు, వాన కురిస్తే నాచు జారుతుంది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి అమ్మలు ఆ రోజుకు చుడీదార్, అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకుంటే మేలు. శాకాహారులు పులిహోరో చపాతీలో వెంట తీసుకెళ్లాలి. చిన్న ఊళ్లలో టీ కొట్టు మూసివుంటే కష్టమవుతుంది.

పొలాల్లోని శిథిలాలు

పటంలో కనిపించే ప్రతి బురుజూ ప్రభుత్వానిది కాదు. చాలావాటికి రైతు పొలం గుండా వెళ్లాలి. దారి మీద బోర్డు లేకపోతే ఇంటికి వెళ్లి అడిగి, అనుమతి ఇస్తేనే అడుగుపెట్టండి. గేటు ఏ స్థితిలో ఉందో తిరిగివచ్చేటప్పుడు అదే స్థితిలో వదలండి. దూడలతో ఉన్న ఆవుల మధ్యకు పోకండి. శిథిలాల చుట్టూ మోకాలెత్తున నెటిల్ అనే మొక్క పెరుగుతుంది. ఆకు తగిలితే చర్మం మంటతో దద్దుర్లు లేస్తుంది కాబట్టి పొట్టి ప్యాంట్లు వద్దు. తీగ అల్లుకున్న గోడల కింద నిలబడకండి, ఆ తీగ వేళ్లే రాళ్లను వదులు చేస్తాయి.

పాడుబడ్డ మఠాల్లో చాలాచోట్ల ఇప్పటికీ ఆ ఊరివాళ్లను ఖననం చేస్తారు. సమాధి పలకల మీద కూర్చోవడం, వాటి మీద నిలబడి ఫొటో దిగడం అక్కడివారికి బాధ కలిగిస్తుంది. పవిత్ర బావుల దగ్గర చెట్లకు గుడ్డపేలికలు కట్టి ఉంటే వాటిని విప్పకండి. మన దర్గాల దగ్గర, గుళ్ల దగ్గర కట్టే ముడుపుల మాదిరే అవి ఎవరివో మొక్కులు. జ్ఞాపకంగా చిన్న రాయి కూడా తీసుకురావద్దు. రక్షిత స్థలాలకు హాని చేయడం, అనుమతి లేకుండా మెటల్ డిటెక్టరుతో వెతకడం అక్కడ నేరం. ఎవరికైనా దెబ్బ తగిలితే 112కు ఫోన్ చేయాలి.

సరిహద్దు సంగతి

చివరగా, భారత పాస్‌పోర్టు ఉన్నవారు అస్సలు తేలిగ్గా తీసుకోకూడని విషయం ఒకటుంది. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల షెన్‌గన్ కూటమిలో ఐర్లండ్ లేదు; ఆ వీసా అక్కడ చెల్లదు. అలాగే సముద్రపు అంచున కొండచరియ మీద నిలిచిన డన్‌లూస్ కోట, బెల్‌ఫాస్ట్ దగ్గరి కారిక్‌ఫర్గస్ కోట ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ పాలనలో ఉన్నాయి. దారిలో తనిఖీ గేటు కనబడదు గానీ చట్టప్రకారం బ్రిటన్‌లోకి ప్రవేశించినట్టే. మీ ఐర్లండ్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి వీసా పథకం) అనే అక్షరాలు ఉంటే, మొదట ఐర్లండ్‌లో దిగిన తర్వాత అదే వీసాతో ఉత్తరానికి వెళ్లవచ్చు. అవి లేకపోతే వేరే బ్రిటన్ వీసా కావాలి. ఐర్లండ్‌లో నివాస కార్డు ఉన్న మీ అబ్బాయికీ అమ్మాయికీ కూడా ఆ కార్డుతో సరిపోదు, వాళ్లకూ బ్రిటన్ వీసా ఉండాలి.

ఆ అనుమతి లేనివారు ఉత్తరపు తీరానికి బదులు డోనెగల్ కోటకు వెళ్లవచ్చు. ఓడోనెల్ వంశం 15వ శతాబ్దంలో కట్టిన ఆ కోట ఐర్లండ్ గణతంత్రంలోనే ఉంది, హెరిటేజ్ కార్డు కూడా పనిచేస్తుంది. అయితే డబ్లిన్ నుంచి డోనెగల్‌కు ఫోన్ చూపించే దగ్గరి దారి ఎనిస్కిలెన్ మీదుగా ఉత్తర ఐర్లండ్‌లోకి పోయి మళ్లీ బయటికి వస్తుంది. దాన్ని నమ్మి వెళ్లకుండా, ఎన్4 దారిలో స్లైగో చేరి, అక్కడినుంచి ఎన్15 పట్టుకుని బండోరన్ మీదుగా వెళ్లండి.